వాగు నడుమ మంద

ఎత్తిపోతల జలపాతాన్ని నిండు నీళ్ళతో చూడాలన్నది నాకు చాలా ఏళ్ళ కోరిక. మాది అమలాపురం దగ్గర పల్లె. పుట్టినప్పటి నుంచీ నీళ్ళ మధ్యే ఉన్నాను గానీ నేను చూసిన నీళ్ళన్నీ పడుకుని ఉన్నవే. కాలవలో, వరిచేలో, గోదావరి పాయలో అవి నెమ్మదిగా సాగిపోతాయి. కొండ మీంచి నిలువునా పడే నీళ్ళను అరవై ఏళ్ళు వచ్చినా చూడలేదు. హైస్కూల్లో పిల్లలకు జీవశాస్త్రం చెప్పి చెప్పి ఆమధ్య రిటైరయ్యాను. పల్నాడులో వానలు గట్టిగా పడుతున్నాయని విని, ఒక చేతిసంచీ, గొడుగు తీసుకుని ఒక్కదాన్నే బయల్దేరాను. ఒంటరిగా ఊరు దాటడం నాకిదే మొదటిసారి.

జలపాతం చూశాను. అయినా ఇప్పుడు ఎవరైనా వచ్చి పల్నాడు ఎలా ఉందని అడిగితే, నా నోట ముందుగా వచ్చేది పేరు కూడా సరిగా తెలియని ఒక వాగు సంగతి.

నరసరావుపేట

దిగేసరికి సాయంత్రం. ముసురు. బస్టాండు ఎదుట సందులో ఒక టిఫిన్ బండి వెనక పెనం ముందు నిలబడి ఉన్నావిడ నన్ను చూసి, "ఏంది, తడుస్తా నిలబడ్డావ్? లోపలికి రా" అంది. మా వైపు ముక్కూమొహం తెలియని వాళ్ళతో మాట్లాడితే ప్రతి మాట చివరా ఒక 'అండి' తగిలిస్తాం. ఇక్కడ 'ఏంది' అని మొదలుపెడితే నేను మొదట కోప్పడుతున్నారేమో అనుకున్నాను. ఆవిడ మాత్రం నా గొడుగు తీసుకుని మూలన ఆనించి, కూర్చోవడానికి తన స్టూలే ఇచ్చింది.

ఇడ్లీ మీద నల్లకారం చల్లి, దాని మీద నెయ్యి పోసింది. ప్లేటు ముప్పై రూపాయలు. మొదటి ముద్దకే నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కూరలో కూడా బెల్లం ముక్క వేసుకునే ఊరి నుంచి వచ్చినదాన్ని.

"కారం తట్టుకోలేవా? యాడ మీది?"

"కోనసీమండి. ఎత్తిపోతల చూడ్డానికి రేపు మాచర్ల వెళ్తున్నానండి."

"అబ్బో, కొబ్బరినీళ్ళ వాళ్ళు," అని నవ్వి ఇంకో గరిటెడు నెయ్యి పోసింది. "రేపు మాచర్ల పోతానంటున్నావ్, వాగులు చూసుకొని పో. మా వాగులు చానా పిచ్చియ్యి. ఏడాదంతా ఎండిపోయి పడుంటయ్. వచ్చినాయంటే గంటలో వస్తయ్."

నేను తల ఊపాను గానీ మనసులో పట్టించుకోలేదు. వరదంటే నాకు తెలియనిదా అనుకున్నాను. మాకు వరద చెప్పి వస్తుంది. భద్రాచలంలో ఎన్ని అడుగులుందో టీవీలో చెబుతారు. అది మా రేవుకు చేరేలోగా సామాన్లన్నీ అటక మీద సర్దుకుని, పచ్చళ్ళ జాడీలు కూడా పైకెక్కించుకుంటాం.

పిడుగురాళ్ళ

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను. రాత్రంతా కురిసిన వాన ఇంకా తెరిపివ్వలేదు. కిటికీ అద్దం మీద నీళ్ళు కారుతుంటే బయటి లోకమంతా కరిగి కదులుతున్నట్టుంది. నల్లరేగడి చేలల్లో పత్తి మొక్కలు తలలు వంచుకుని నిలబడ్డాయి. చేల గట్ల మీద నిలువుగా పాతిన నాపరాళ్ళు తడిసి మెరుస్తున్నాయి. ఇళ్ళ గోడలు కూడా ఆ రాతి పలకలే. మా వైపు కొబ్బరాకు దడి ఉండే ప్రతి చోటా ఇక్కడ రాయి ఉంది.

పిడుగురాళ్ళ చేరేసరికి ఊరంతా తెల్లగా ఉంది. అది సున్నపు బట్టీల ఊరు. చెట్ల ఆకుల మీద, రేకుల మీద పేరుకున్న సున్నపు పొడిని వాన కడిగేస్తోంది. రోడ్డుకు రెండు పక్కలా పాలలాంటి నీళ్ళు పారుతున్నాయి. ఆ తెల్లటి ప్రవాహంలో ఒక నల్ల కోడి, కాలు పెట్టాలా వద్దా అని ఆలోచిస్తూ నిలబడి ఉంది. బస్సు కదిలిపోయింది. ఆ కోడి దాటిందో లేదో తెలియలేదు. ఆ తెల్లటి ఊరు నిద్రలో చూసినట్టుగా నా కళ్ళల్లో ఉండిపోయింది.

గురజాల దాటాక

గురజాలలో ఒకాయన ఎక్కి నా ముందు సీట్లో కూర్చున్నాడు. యాభై ఏళ్ళుంటాయి. నెరిసిన గడ్డం, గోళ్ళ చివర్ల వదలని గ్రీజు నలుపు. ఒళ్ళో బరువైన గోతం సంచీ. బస్సు గతుకులో పడినప్పుడల్లా అందులో ఇనుము గలగలమంటోంది. పేరు మస్తాన్. ట్రాక్టర్ల మెకానిక్కు. మాచర్లలో ఒక ఇంజను విప్పి పెట్టి వచ్చాడట, దాని సామాను తీసుకుని వెళ్తున్నాడు.

"ఎత్తిపోతల చూడ్డానికి ఇంత దూరం వచ్చారా?" అని ఆశ్చర్యపోయాడు. "నేను ఇక్కడే పుట్టి పెరిగినా రెండుసార్లే చూశా మేడం. రెండుసార్లూ చుట్టాలొస్తే చూపించడానికే."

మా బస్సు పెద్దరోడ్డు వదిలి పల్లెల మీదుగా పోయేది. ఒక మలుపు తిరగ్గానే డ్రైవరు బ్రేకు వేసి ఇంజను ఆపేశాడు. బస్సులో మాటలు ఆగిపోయాయి. అప్పుడు వినిపించింది హోరు.

దిగి చూస్తే ముందు రోడ్డు లేదు. అక్కడ వాగు మీద వంతెన కట్టలేదు, చప్టా ఉంది, అంటే వాగు అడుగునే సిమెంటు పరిచిన దారి. ఎండాకాలమంతా దాని మీద ఎడ్లబళ్ళు కూడా చక్రం తడవకుండా పోతాయట. ఇప్పుడు ఆ దారి ఎక్కడుందో తెలియకుండా ఎర్రటి నీళ్ళు, కంపలు, తుక్కు, పీకేసిన పత్తి మొక్కలు మోసుకుంటూ పరిగెడుతున్నాయి.

"పొద్దున ఆరింటికి ఇటే వచ్చా. మడమ కూడా తడవలా," అన్నాడు డ్రైవరు నమ్మలేనట్టుగా. "పైన కొండల్లో పడ్డట్టుంది."

వాన చినుకులుగా మారింది. ఎదుటి గట్టు మసకగా ఉంది. అంతా అటు చూస్తున్నారు. నేనూ చూశాను. వాగు నడుమ ఒక దిబ్బ. దాని మీద రెండు తుమ్మచెట్లు, ఒక వేపచెట్టు. చెట్ల కింద గొర్రెల మంద. మంద మధ్యలో నల్ల గొడుగు పట్టుకుని ఒక ఆడమనిషి.

దిబ్బ

గట్టు అంచున ఒకతను టిఫిన్ క్యారియర్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. అతని పేరు కోటయ్య అనీ, దిబ్బ మీద ఉన్నది అతని భార్య అంకమ్మ అనీ చుట్టూ ఉన్నవాళ్ళ మాటల్లో తెలిసింది. నాలుగు రోజులుగా మందను ఆ దిబ్బ మీదే, చుట్టూ వల కట్టి ఆపారు. వాగు రెండు పాయలుగా చీలి దిబ్బకు అటూ ఇటూ పోతుంది. పాయలు రెండూ పొడిగానే ఉన్నాయి, నిన్నటి దాకా. పొద్దున భార్యకు అన్నం తేవడానికి ఊళ్ళోకి వెళ్ళాడు కోటయ్య. తిరిగి వచ్చేసరికి ఇది.

"రాత్రే చెప్పింది," అన్నాడు అతను, ఎవరితోనో కాదు, నీళ్ళతో. "మబ్బు చూస్తే బాలేదు, మందను గట్టుకు తోలదామంది. పొద్దున చూద్దాంలే అన్నా. నేనే యినలా."

మస్తాన్ పోలీసులకు ఫోన్ చేశాడు, ఆ తర్వాత మండలాఫీసుకు. పడవ పంపిస్తామన్నారు, కానీ దారిలో మరో మూడు వాగులు పొంగాయి, చుట్టు తిరిగి రావాలి, ఆలస్యమవుతుందన్నారు.

"ఈ చుట్టుపక్కల పడవలుండవా?" అన్నాను. మా ఊళ్ళో అయితే ఈపాటికి పది పడవలు దిబ్బ చుట్టూ ఉండేవి.

కోటయ్య నావైపు తిరిగాడు. కోపం లేదు ఆ చూపులో. "పడవ ఏందమ్మా. ఎండాకాలం తాగే నీళ్ళే మాకు ట్యాంకర్లో వచ్చేయి. ఇంత నీళ్ళు నేను పుట్టినాక రెండోసారి చూడటం."

జేబులోంచి ఫోన్ తీసి నొక్కాడు. దిబ్బ మీద గొడుగు కొంచెం కదిలింది. స్పీకర్లోంచి ముందు హోరు వచ్చింది. ఒకే వాగు మాకు రెండుసార్లు వినిపించింది, ఎదురుగా ఒకసారి, ఆమె నిలబడ్డ చోటు నుంచి ఒకసారి. అది విన్నాక గానీ ఆమె ఎంత మధ్యలో ఉందో నాకు అర్థం కాలేదు.

"యాడున్నావ్?"

"యాడుంటా, ఈడనే. కనపడట్లా?" గొంతు గట్టిగానే ఉంది.

"కనపడతన్నవ్. నీళ్ళు యాడి దాకా వచ్చినయ్?"

"తూర్పు దిక్కు వల కాడికి వచ్చినయ్. పిల్లల్ని యాపచెట్టు మొదట్లో పెట్టినా."

"పిల్లలు కూడా ఉన్నారా?" అన్నాను.

"గొర్రెపిల్లలక్కా," అన్నాడు మస్తాన్ మెల్లగా. అప్పటి దాకా మేడం అన్నవాడు ఆ క్షణంలో అక్కా అన్నాడు. ఫోన్ తన చేతిలోకి తీసుకున్నాడు. "చెల్లెమ్మా, నా పేరు మస్తాన్. గురజాల. ఫోన్లో చార్జింగ్ ఎంతుంది?"

"ఎర్రగా ఎలుగుతంది అన్నా."

"అట్టయితే ఇంక నువ్వు ఫోన్ చెయ్యమాక. మేం చేస్తే ఎత్తు. అయితే అర్జంటు అయినప్పుడే చేస్తాం. మేమంతా ఈడనే ఉన్నాం, యాడికీ పోం."

నిజానికి అతను ఎక్కడికైనా పోవాలన్నా దారి లేదు. కానీ ఆ మాట చెప్పిన తీరుకు, దారి తెరుచుకున్నా అతను పోడని నాకు తెలిసింది.

ఫోన్ పెట్టేశాక కోటయ్య క్యారియర్ నా చేతికిచ్చి, "ఇది కాస్త పట్టుకోమ్మా," అని పంచె ఎగగట్టి నీళ్ళలోకి దిగాడు. నాలుగు అడుగులు వేశాడో లేదో, ఐదో అడుగు కింద నేల లేనట్టుంది. మనిషి పక్కకు ఒరిగిపోయాడు. మస్తాన్ గట్టు మీది తుమ్మకొమ్మ ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో అతని చొక్కా కాలరు అందుకుని లాగాడు. డ్రైవరు, ఇంకో ఇద్దరు కలిసి గట్టు మీద పడేశారు. తుమ్మముళ్ళు గుచ్చుకుని మస్తాన్ అరచేతి నుంచి రక్తం కారుతోంది.

"నువ్వు పోతే ఆమె గొర్రెల్ని చూసుద్దా, నిన్ను ఎతుక్కుంటదా?" అని కసిరాడు మస్తాన్. కోటయ్య మోకాళ్ళ మీద తల పెట్టుకుని దగ్గుతూ ఉండిపోయాడు. నా జేబురుమాలు మస్తాన్ చేతికి కట్టాను. క్యారియర్ ఇంకా వెచ్చగా ఉంది.

పుల్లలు

చిన్నప్పుడు గోదావరికి వరదొస్తే మా నాన్న గట్టు మీద నీటి అంచున పుల్ల గుచ్చేవారు. నీళ్ళు పుల్లను దాటితే ఇంకో పుల్ల పైన. పెరుగుతోందా, తీస్తోందా అన్నది నీళ్ళను చూస్తే తెలియదు, పుల్లను చూస్తే తెలుస్తుందనేవారు. నాకు ఈత రాదు, తాడు లాగే బలం లేదు. నాకు తెలిసిన ఒకే ఒక్క పని అది. కందికంప విరిచి, నీటి అంచున ఒక పుల్ల గుచ్చి దాని పక్కన కూర్చున్నాను.

మొదటి పుల్ల పది నిమిషాల్లో మునిగింది. రెండోది పావుగంటలో. మూడోది గుచ్చేటప్పటికి అందరూ నా పుల్ల వంకే చూస్తున్నారని గమనించాను. కండక్టరమ్మాయి టైము చూసి చెప్పడం మొదలుపెట్టింది.

అప్పుడు మధ్యాహ్నమో, సాయంత్రమో తెలియని వెలుతురు. సూర్యుడు లేడు. చినుకులు ఆగుతాయి, మళ్ళీ పడతాయి. నీళ్ళను అదే పనిగా చూస్తుంటే వాగు ఆగిపోయి, మేమూ గట్టూ బస్సూ వెనక్కి కొట్టుకుపోతున్నట్టు అనిపించేది. ఉలిక్కిపడి మట్టిని చేత్తో పట్టుకునేదాన్ని. మనుషులంతా గుసగుసగా మాట్లాడుతున్నారు. ఇంత ప్రమాదం పక్కన అంత నిశ్శబ్దం ఉంటుందని నేను అనుకోలేదు. దిబ్బ మీద గొర్రెలు కూడా అరవడం మానేశాయి.

దగ్గరి పల్లె వాళ్ళు వేడన్నం, పచ్చిమిరపకాయ పచ్చడి, మజ్జిగ తెచ్చారు. ఒక ముసలమ్మ బేసిన్ నడుముకు ఆనించుకుని అందరికీ విస్తళ్ళలో పెట్టింది. "బస్సులో వచ్చినోళ్ళు చుట్టాలే. తినండి," అంది. కోటయ్య దగ్గరకు వెళ్ళి ముద్ద కలిపి నోటి దాకా తీసుకెళ్ళింది. అతను తల అడ్డంగా ఊపాడు. ముసలమ్మ బలవంతం చెయ్యలేదు. ఆ ముద్ద విస్తట్లోనే పెట్టి, విస్తరి అతని పక్కన పెట్టి, పైన ఇంకో ఆకు కప్పి వెళ్ళింది.

ఐదో పుల్ల మునిగేసరికి దిబ్బ సగం అయిపోయింది. తుమ్మచెట్లు నీళ్ళలో నిలబడ్డాయి. గొర్రెల చుట్టూ కట్టిన వల ఒక పక్క ఒరిగిపోయింది. మస్తాన్ నావైపు చూశాడు, కోటయ్య వైపు చూశాడు. "ఇప్పుడు చెయ్," అన్నాడు.

కోటయ్య ఫోన్ చేశాడు. "అంకమ్మా, వల కోసెయ్. వాటి పానం వాటిది. నువ్వు యాపచెట్టెక్కు."

"కోస్తే బెదిరి నీళ్ళల్లోకి దుముకుతయ్. నేను కింద ఉంటే నా చుట్టూతా ఉంటయ్."

"నా మాట యిను!"

"రాత్రి నువ్వు యిన్నావా?"

"తప్పు నాదే," అన్నాడు కోటయ్య. "నీ కాళ్ళకు దండం పెడతా, చెట్టెక్కు."

ఆమె గొంతు కొంచెం తగ్గింది. "నడుం దాకా వస్తే ఎక్కుతా. ఇప్పుడు మోకాలి దాకే. భయపడమాక." ఫోన్ ఆమే పెట్టేసింది.

ఆ తర్వాత ఆమె చేసింది మేమంతా చూశాం. గొడుగు మడిచింది. గొంగడి విప్పి, నాలుగు మూలలూ ముడివేసి వేపచెట్టు కొమ్మకు ఉయ్యాలలా కట్టింది. ఒక్కొక్క పిల్లనూ ఎత్తి అందులో వేసింది. దూరం నుంచి చూస్తే నల్లటి ఉయ్యాలలోంచి తెల్లటి, గోధుమరంగు చెవులు బయటికి వేలాడుతున్నాయి. తర్వాత చెట్టు మొదలుకు వీపు ఆనించి నిలబడి, గొంతెత్తి ఏదో పిలిచింది. మంద మొత్తం ఒక్కటిగా కదిలి ఆమె చుట్టూ ముడుచుకుంది. ఎర్రటి నీళ్ళలో ఆ మంద ఒక బూడిదరంగు పువ్వులా ఉంది, నడుమ ఆమె. నేను పాఠాల్లో చెప్పాను, భయమేసినప్పుడు జంతువులు గుంపు కడతాయని. అది నిజంగా చూసింది ఆ రోజే.

అంచున ఉన్నవి కొన్ని నిలబడలేకపోయాయి. ఒకటి జారింది, దాని వెనక మూడు. నీళ్ళు వాటిని తిప్పుకుంటూ మా ముందు నుంచే తీసుకుపోయాయి. తలలు పైకెత్తి ఈదుతున్నాయి. మలుపు దగ్గర కనపడకుండా పోయాయి. తర్వాత ఇంకో ఆరేడు. కోటయ్య లేచి వాటి వెంట గట్టు మీద కొంత దూరం పరిగెత్తి, ఆగి, మళ్ళీ వెనక్కి వచ్చాడు. భార్య నిలబడ్డ చోటు నుంచి చూపు తిప్పడానికి అతనికి ధైర్యం చాల్లేదు.

ఏడో పుల్ల గుచ్చాను. కండక్టరమ్మాయి ఐదు నిమిషాలంది, పది అంది, పావుగంట అంది. నీళ్ళు పుల్లను తాకుతూ ఉన్నాయి, దాటడం లేదు. నేను నోరు మెదపలేదు. తప్పు చెబుతానేమోనని భయం. నాన్న ఎప్పుడూ రెండోసారి చూడకుండా చెప్పేవారు కాదు. అరగంట అయ్యాక వంగి చూస్తే, పుల్లకూ నీళ్ళకూ మధ్య గోరంత తడి మట్టి బయటపడింది.

"తీస్తోంది," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. మళ్ళీ అరిచాను. "నీళ్ళు తీస్తున్నాయండీ!"

కోటయ్య నంబరు నొక్కాడు. "అంకమ్మా, నీళ్ళు తీస్తన్నయ్యంట! ఇనపడతందా? తీస్తన్నయ్!" అవతల ఒక్క 'ఆ' వినిపించి, లైను తెగిపోయింది. చార్జింగ్ అయిపోయింది. దిబ్బ మీద ఆమె గొడుగు విప్పి తల మీద పెట్టుకుంది. ఆ చిన్న పనికి గట్టు మీద మనుషులంతా ఒక్కసారి గోల చేశారు. కండక్టరమ్మాయి ఏడ్చేసింది.

క్యారియర్

వచ్చినంత వేగంగానే వాగు దిగడం మొదలుపెట్టింది. సాయంత్రానికి పాయ నడుం లోతుకు వచ్చింది. మా వెనక ఆగిపోయిన పత్తి లారీ వాళ్ళు మోకు ఇచ్చారు. దాని ఒక కొస బస్సుకు కట్టి, రెండో కొస నడుముకు చుట్టుకుని కోటయ్య, వెనక కట్టుచేత్తోనే మస్తాన్, ఇంకా నలుగురు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని దాటారు. మండలాఫీసు నుంచి పడవ వాళ్ళూ అప్పుడే వచ్చారు. దారిలో మట్టి కొట్టుకుపోయిన వాళ్ళ బట్టలు చూస్తే ఎన్ని అవస్థలు పడి వచ్చారో తెలిసింది. వాళ్ళు పిల్లల్ని గొంగడితో సహా పడవలో వేసుకున్నారు. మందను మాత్రం నీళ్ళు మోకాలికి తగ్గాక, మసక చీకట్లో అంకమ్మే నడిపించుకుని వచ్చింది. ముందు ఆమె, వెనక గొర్రెలు, చివర కోటయ్య.

దగ్గరగా చూస్తే చిన్న మనిషి. నలభై ఉండవు. పెదవులు నీలంగా, వేళ్ళు నాని ముడతలు పడి ఉన్నాయి. గట్టెక్కి, గొర్రెల్ని తడిమి చూసుకుని, "పదకొండు పోయినయ్," అంది. మొహంలో ఏమీ లేదు. అందరూ ఆమె చుట్టూ మూగి ఏదో ఒకటి అంటున్నారు. ఆమె ఎవరి మాటా విన్నట్టు లేదు. మొగుడి వైపు తిరిగింది.

"అన్నం తెచ్చినవా?"

నేను పొద్దుటి నుంచి ఒళ్ళో పెట్టుకున్న క్యారియర్ ఇచ్చాను. చల్లారిపోయింది. ఆమె రోడ్డు మీదే కూలబడి, గిన్నె మూత తీసి, గోంగూర పచ్చడి కలుపుకుని తినడం మొదలుపెట్టింది. కోటయ్య పక్కన కూర్చున్నాడు.

"రాత్రి నీ మాట యినుంటే..." అన్నాడు.

"తిననీ," అంది ఆమె.

సగం తిన్నాక గిన్నె అతని ముందుకు జరిపింది. అప్పుడు తిన్నాడతను, ఆ రోజు మొదటిసారి. నేను లేచి బస్సు దగ్గరకు వెళ్ళిపోయాను. వాళ్ళిద్దరూ ఏడుస్తూ తింటున్నారు, అది నేను చూడాల్సింది కాదు.

ఆ రాత్రికి ముసలమ్మ ఇంట్లో నాకు పక్క వేశారు. నాపరాతి నేల, పైన మెత్తటి బొంత. పడుకున్నాక కూడా ఒంటి కింద నీళ్ళు పారుతున్నట్టే ఉంది. బయల్దేరే ముందు అంకమ్మ నంబరు రాసుకుని, నాది ఆమెకు రాసిచ్చాను. తడిసిన ఆమె ఫోన్‌ను మస్తాన్ విప్పి తుడిచి, ముసలమ్మ బియ్యం డబ్బాలో పెట్టాడు. "ట్రాక్టరుకైతే గ్యారంటీ ఇస్తా గాని, దీనికి ఇవ్వలేను చెల్లెమ్మా," అన్నాడు.

ఎత్తిపోతల

మర్నాడు చప్టా మీద ఒండ్రు తోసేసి బస్సును పంపించారు. మాచర్లలో మస్తాన్ దిగిపోతూ, "రెండు రోజులు ఆగి చూడండక్కా ఎత్తిపోతల. నీళ్ళు కొంచెం తేటపడతయ్," అన్నాడు. అతని మాట విని మాచర్లలో ఒక లాడ్జిలో ఉన్నాను. ఎండ కాసింది. ఊళ్ళోకీ నీళ్ళొచ్చాయట, వీధుల్లో జనం తడిసిన పరుపులు, పుస్తకాలు, మిరప విత్తనాల సంచులు ఆరబెట్టుకుంటున్నారు. ఒక ఇంటి గోడ మీద పెళ్ళి ఫోటోలు వరసగా ఆనించి ఉన్నాయి. అన్నింటిలోనూ పెళ్ళికూతురి మొహం మీద నీళ్ళు దిగిన మరక. ఆ ఇంటావిడ వాటి ముందు కూర్చుని విసనకర్రతో విసురుతోంది. ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నారు.

మూడో రోజు ఎత్తిపోతల వెళ్ళాను. ఎదుటి కొండ అంచున కట్టిన చోటు నుంచి చూడాలి. నీళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. మూడు పాయలుగా విడిపోయి, లోయలోకి నిలువునా పడుతున్నాయి. తుంపరలు అంత దూరం నుంచి వచ్చి మొహాన్ని తాకుతున్నాయి. కింద లోయలో ఇంద్రధనుస్సు ఒకటి కనిపిస్తూ, పోతూ ఉంది. ఎన్నేళ్ళుగానో కోరుకున్నది ఎదురుగా ఉంది. చాలా అందంగా ఉంది. నేను ఆ అందం వంకే చూస్తూ, ఈ నీళ్ళు ఎవరి చేల మీదుగా వచ్చాయో అని ఆలోచిస్తున్నాను. పక్కన ఒక కుటుంబం ఫోటో తీసిపెట్టమని ఫోన్ ఇచ్చింది. తీశాను. వాళ్ళు నవ్వుతున్నారు. వాళ్ళ మీద నాకు కోపమేమీ రాలేదు. దారిలో ఆ వాగు దగ్గర ఆగకపోయి ఉంటే నేనూ అలాగే నవ్వేదాన్ని.

అప్పుడు నా ఫోన్ మోగింది.

"అక్కా, నేను అంకమ్మని. ఫోన్ పనిచేసింది!"

"ఎలా ఉన్నావమ్మా?"

"బాగున్నా. ఆరు గొర్రెలు దొరికినయ్ అక్కా. కింద ఊరోళ్ళు వాగులోంచి పట్టి, కొట్టంలో కట్టేసి మేత ఏసి పెట్టారంట. వాటి మీద మా గుర్తు చూసి కబురు చేశారు. పొద్దున పోయి తోలుకొచ్చినం. మిగతాయి దొరకలేదు."

"ఆ దిబ్బ వంక చూస్తే భయం వెయ్యడం లేదా?" అన్నాను.

"ఏసుద్ది. రాత్రి కళ్ళు మూస్తే నీళ్ళే. అయినా ఏం జేస్తం అక్కా, దిబ్బంతా ఒండ్రు పరిచి పోయింది వాగు. వారం పోతే జానెడు గడ్డి లేసుద్ది. ఈ చుట్టూతా అంత పచ్చిక ఇంకెక్కడా దొరకదు. మళ్ళా ఆడికే తోలతా."

"మళ్ళీ అక్కడికేనా?"

"ఆడికే. కాకపోతే ఈసారి మబ్బు పట్టిందంటే ఈయన్ని అడగను. నేనే తోలుకొచ్చేస్తా."

వెనక నుంచి కోటయ్య గొంతు, కొంచెం దూరంగా, కొంచెం సిగ్గుగా వినిపించింది. "అడగమాకులే."